అరువు మూలుగ

ట్రాన్స్‌ప్లాంట్ అనగానే మన కళ్ళముందు మెదిలేది ఆపరేషను గది, ముఖాలకి గుడ్డలు కట్టుకున్న డాక్టర్లు, గంటల తరబడి వరండాలో పచార్లు చేసే చుట్టాలు. గుండె, మూత్రపిండం, కాలేయం మార్చేటప్పుడు అలాగే ఉంటుంది కూడా. కాని లింఫోమా రోగికి చేసే మూలుగ మార్పిడిలో కత్తీ లేదు, కుట్లూ లేవు. దాత దగ్గర తీసిన ఎర్రటి ద్రవం ఒక ప్లాస్టిక్ సంచీలో వస్తుంది. దాన్ని సెలైన్‌లాగే పక్కనున్న స్టాండుకి తగిలించి, ఛాతీ దగ్గర అమర్చిన గొట్టం గుండా రక్తంలోకి వదులుతారు. చాలాసార్లు గంటా రెండు గంటల్లో అయిపోతుంది. చూడవచ్చినవాళ్ళు "ఇంతేనా?" అంటారు. ఆ సంచీకి ముందు ఒక వారమూ, తరువాత ఒకటి రెండేళ్ళూ నడిచేదే అసలు వైద్యం. ఆ సంచీ అక్కడిదాకా రావడానికి పట్టినది మాత్రం యాభై అరవై ఏళ్ళు. ఆ ఏళ్ళలో డాక్టర్లు ఏది శత్రువనుకున్నారో చివరికి అదే మందని తేలింది. ఈ వ్యాసం ఆ మలుపు గురించి.

ముందుగా జబ్బు సంగతి. మన రక్తంలో తెల్లకణాలు ఉన్నాయి కదా, వాటిలో లింఫోసైట్లు అనేవి ఒక జాతి. ఇవి ఒంటికి పోలీసులు. మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో ఉండే లింఫు గ్రంథులు వీటి ఠాణాలు. గొంతు నొప్పి వచ్చినప్పుడు దవడ కింద బిళ్ళ కట్టేది ఈ ఠాణాలో హడావుడి వల్లే. ఈ పోలీసుల్లో ఒకడు చెడిపోయి తనలాంటివాళ్ళని లక్షల్లో పుట్టించడం మొదలుపెడితే అది లింఫోమా. కంచే చేను మేసినట్టన్నమాట. 1832లో లండనులోని గైస్ ఆసుపత్రిలో తామస్ హాజ్‌కిన్ అనే డాక్టరు, చనిపోయినవాళ్ళ శరీరాలు పరీక్షిస్తూ, గ్రంథులూ ప్లీహమూ ఒక వింత పద్ధతిలో ఉబ్బి ఉండడం గమనించి ఒక వ్యాసం రాశాడు. 1865లో శామ్యూల్ విల్క్స్ ఆ జబ్బుకి హాజ్‌కిన్ పేరే పెట్టాడు. ఇవాళ లింఫోమాలని హాజ్‌కిన్ అనీ, హాజ్‌కిన్ కానివి అనీ రెండు గుంపులుగా విడదీస్తారు. రెండో గుంపులోనే డజన్లకొద్దీ రకాలున్నాయి.

వందేళ్ళ పైచిలుకు దీనికి చేయగలిగింది చాలా తక్కువ. మొదటి మందు యుద్ధం నుంచి వచ్చింది. మస్టర్డ్ గ్యాస్ అనే విషవాయువు పీల్చినవాళ్ళ తెల్లకణాలు నశించిపోతాయని మొదటి ప్రపంచ యుద్ధం తరువాత తెలిసింది. దాని తమ్ముడులాంటి నైట్రోజన్ మస్టర్డ్‌ని 1942లో యేల్ విశ్వవిద్యాలయంలో గుడ్‌మన్, గిల్మన్ అనే ఇద్దరు మందుల శాస్త్రవేత్తలు, ఇక ఏ ఆశా లేని ఒక లింఫోమా రోగికి ఎక్కించే ఏర్పాటు చేశారు. గడ్డలు రోజుల్లో కరిగాయి. కొన్ని వారాల్లో తిరిగి వచ్చాయి. యుద్ధ రహస్యం కాబట్టి 1946 దాకా ఆ సంగతి బయటి ప్రపంచానికి చెప్పలేదు. ఈ మస్టర్డ్ వంశాన్ని గుర్తుపెట్టుకోండి. వ్యాసం చివర్లో దీని వారసుడు ఒకడు ఎదురవుతాడు.

మందు ఎక్కువగా ఇస్తే జబ్బు ఎక్కువగా చచ్చును కదా, మరి ఎందుకివ్వరు? అడ్డం వచ్చేది మూలుగ. మాంసాహారులకి మూలుగంటే ఏమిటో చెప్పనక్కర లేదు; ఎముక కొరికి పీల్చేదే. ఎర్రకణాలు, తెల్లకణాలు, రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు అన్నీ అక్కడే తయారవుతాయి. వాటన్నిటికీ తల్లి మూలకణం. ఇంగ్లీషులో స్టెమ్ సెల్ అంటున్నది దీన్నే. లింఫోమాని చంపే మందూ, రేడియేషనూ రెండూ ఈ తల్లిని కూడా చంపుతాయి. జబ్బు పోతుంది, రోగీ పోతాడు.

1945లో హిరోషిమా, నాగసాకీలలో బాంబు దెబ్బకి వెంటనే చావని వాళ్ళు కూడా వారాల తరువాత రక్తస్రావాలతో, జ్వరాలతో చనిపోయారు. మూలుగ మాడిపోవడం దానికి ఒక ముఖ్య కారణం. ఆ తరువాత అణుశక్తి మీద పనిచేసే ప్రయోగశాలలన్నిటికీ ఒకటే ప్రశ్న: మాడిన మూలుగని తిరిగి మొలిపించగలమా? 1949లో చికాగోలో లియాన్ జేకబ్‌సన్, ఎలుక ప్లీహాన్ని సీసపు రేకుతో కప్పి, మిగతా ఒంటిమీద ప్రాణాంతకమైన రేడియేషను పెట్టాడు. ఎలుక బతికింది. ఎలుకల ప్లీహంలో మూలకణాలు ఉంటాయి. 1951లో ఎగాన్ లోరెన్జ్ బృందం, ఎలుకలకి రేడియేషను పెట్టిన తరువాత మరో ఎలుక మూలుగని ఎక్కించి బతికించింది. బతికించినది ఆ మూలుగలోని ఏదో రసాయనమా, కణాలేనా అని కొన్నేళ్ళు వాదులాడుకున్నారు. 1956లో ఇంగ్లండులోని హార్వెల్‌లో క్రోమోజోములు చూసి తేల్చేశారు: బతికిన ఎలుక మూలుగలో ఉన్నవి దాత కణాలే.

అదే హార్వెల్‌లో అదే ఏడాది బార్న్స్, లౌటిట్ అనే శాస్త్రవేత్తలు మరో పని చేశారు. రక్తకేన్సరున్న ఎలుకలకి రేడియేషను పెట్టి, కొన్నిటికి తమ జాతి ఎలుకల మూలుగనే ఎక్కించారు, కొన్నిటికి వేరే జాతిది. సొంత జాతి మూలుగ పడ్డవాటికి కేన్సరు తిరగబెట్టింది. పరజాతి మూలుగ పడ్డవాటికి కేన్సరు తిరిగి రాలేదు కాని, అవి విరేచనాలతో చిక్కి శల్యమై చచ్చాయి. ఎక్కించిన మూలుగలోని పోలీసులు కేన్సరునీ తిన్నారు, ఎలుకనీ తిన్నారు. ఈ చికిత్స చరిత్ర అంతా ఆ ఒక్క ప్రయోగంలో ఇమిడి ఉందని నా అభిప్రాయం. దాన్ని మనుషుల్లో నమ్మడానికి మాత్రం ఇంకో పాతికేళ్ళ దాకా పట్టింది.

మనుషుల్లో మొదలుపెట్టినవాడు డొనాల్ థామస్. న్యూయార్క్ రాష్ట్రంలో కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊరు. మన పిల్లలకి అది బేస్‌బాల్ మ్యూజియం ఉన్న ఊరుగానే తెలుసు. అక్కడి ఆసుపత్రిలో థామస్ ఆరుగురు రోగులకి మూలుగ ఎక్కించి, 1957లో ఫలితం ప్రకటించాడు. ఆరుగురిలో ఇద్దరికే మూలుగ కాస్త అంటుకుంది, అదీ తాత్కాలికంగా. వంద రోజులు దాటి ఎవరూ బతకలేదు. 1959లో కవల తోబుట్టువులున్న ఇద్దరు లుకేమియా రోగులకి చేశాడు. కవలది కాబట్టి మూలుగ చక్కగా అంటుకుంది, గొడవేమీ రాలేదు. కొన్ని నెలలకి జబ్బు తిరిగి వచ్చింది. హార్వెల్ ఎలుకలు చెప్పినదే మళ్ళీ వినిపించింది.

1958 అక్టోబరులో యుగోస్లావియాలోని వించా అణుకేంద్రంలో ప్రమాదం జరిగి ఆరుగురికి రేడియేషను తగిలింది. వాళ్ళని పారిస్ తీసుకెళ్తే, జార్జ్ మాతే అనే డాక్టరు అయిదుగురికి ఫ్రెంచి దాతల మూలుగ ఎక్కించాడు. నలుగురు బతికారు. మూలుగ వల్లే బతికారా, లేకపోయినా బతికేవారా అన్నది ఇప్పటికీ తగవే. తన మూలుగ తీసి ముక్కూ మొహమూ తెలియని విదేశీయుడికి ఇచ్చే ఆచారం మాత్రం ప్రపంచానికి ఆ రోజుల్లో తెలిసింది. అదే ఏడాది, అదే పారిస్‌లో జాన్ దొస్సే తెల్లకణాల మీద ఉండే గుర్తుల్లో మొదటిదాన్ని పట్టుకున్నాడు. వీటినే ఇప్పుడు హెచ్.ఎల్.ఏ. గుర్తులంటాం. పోలీసువాడు "నువ్వు మన ఊరివాడివేనా?" అని తనిఖీ చేసేది ఈ గుర్తులనే.

1960లలో వచ్చినవన్నీ ఓటములే. ఆ దశకం చివరిదాకా ప్రపంచమంతటా చేసిన సుమారు రెండు వందల మార్పిడులని 1970లో ఒక డాక్టరు లెక్కగడితే, దాదాపు అందరూ పోయారని తేలింది. చాలామంది ఈ పనికి దండం పెట్టి వెళ్ళిపోయారు. థామస్ మాత్రం 1963లో సియాటల్ చేరి కుక్కలమీద పని సాగించాడు. ఆయన భార్య డాటీ చివరిదాకా ఆయన ప్రయోగశాలలో తోడు. అంటుకున్న మూలుగ ఇంటివాడి మీద తిరగబడడాన్ని డాక్టర్లు గ్రాఫ్ట్ వెర్సస్ హోస్ట్ జబ్బంటారు. ఇల్లరికం వచ్చిన అల్లుడు అత్తమామల్నే గడప దాటించినట్టు. చర్మం ఊడుతుంది, పేగులు పుండవుతాయి, కాలేయం చెడుతుంది. ఎరువు సొమ్ము బరువు చేటని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఈ అల్లుడిని అదుపులో పెట్టడానికి సియాటల్‌లో రైనర్ స్టార్బ్ తదితరులు కుక్కల్లో వాడి చూసిన మందు మెథోట్రెక్సేట్.

ఇక్కడ మనవాళ్ళు ఒక్క క్షణం ఆగాలి. మెథోట్రెక్సేటూ, దాని అన్న అమినోటెరినూ తయారైనది 1940లలో లెడర్లీ కంపెనీలో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధన విభాగంలో. పిల్లల లుకేమియాకి బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ వాడిన అమినోటెరిన్ కథ మన సావనీర్లలో చాలాసార్లు వచ్చింది. మూలుగ మార్పిడిలో ఆయన పాత్ర గురించి ఎవరూ రాసినట్టు కనబడదు. దాత మూలుగ ఎక్కించిన తరువాత ఒకటో రోజు, మూడో రోజు, ఆరో రోజు, పదకొండో రోజు చిన్న మోతాదులో మెథోట్రెక్సేట్ ఇవ్వడం దశాబ్దాలపాటు ప్రపంచమంతా పాటించిన పద్ధతి. 1986 నుంచి దానికి సైక్లోస్పోరిన్ తోడైంది. సుబ్బారావుగారు 1948లోనే పోయారు. ఇదంతా ఆయన చూడలేదు.

1968లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ గుడ్, పుట్టుకతో రోగనిరోధక శక్తి లేని పసివాడికి అక్క మూలుగ ఎక్కించి నిలబెట్టాడు. అదే విశ్వవిద్యాలయంలో 1975లో జాన్ కెర్సీ బృందం, బర్కిట్ లింఫోమాతో ఉన్న పదహారేళ్ళ కుర్రాడికి తోబుట్టువు మూలుగ ఎక్కించింది. లింఫోమాకి దాత మూలుగతో నయం చేసిన మొట్టమొదటి సంఘటనగా దాన్నే చెబుతారు. ఆ కుర్రాడు పెద్దవాడై, పెళ్ళి చేసుకుని, దశాబ్దాలు బతికాడు. సియాటల్‌లో థామస్ 1977లో ప్రకటించిన వంద మంది లుకేమియా రోగుల్లో 13 మంది జబ్బు లేకుండా మిగిలారు. వందకి పదమూడేనా అనిపిస్తుంది. అప్పటికి ఆ వందమందికీ వేరే దారి లేదు. 1990లో థామస్‌కి నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక మలుపు. సియాటల్ వాళ్ళే 1979లో, అల్లుడి గొడవ వచ్చిన రోగుల్లో లుకేమియా తక్కువగా తిరగబెడుతున్నదని లెక్కలతో చూపించారు. 1990లో 2,254 మంది రోగుల లెక్కలు తీస్తే ఇంకా తేటతెల్లమైంది. గొడవ పడ్డవాళ్ళలో కేన్సరు తిరగబెట్టడం తక్కువ. కవల మూలుగ పుచ్చుకున్నవాళ్ళలో ఎక్కువ. గొడవ రాకుండా దాత మూలుగలోంచి టి లింఫోసైట్లని ముందే ఏరేస్తే, అప్పుడూ ఎక్కువే. లింఫోమాలో కూడా ఇదే జరుగుతుందని 1991లో జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు చూపించారు. మార్పిడి తరువాత గడ్డలు మళ్ళీ వచ్చిన కొందరు లింఫోమా రోగులకి కొత్త మందేమీ ఇవ్వకుండా, అణిచిపెట్టే సైక్లోస్పోరిన్ ఆపేస్తే చాలు, గడ్డలు కరిగాయి. అప్పటిదాకా మూలుగంటే మాడిన పొలంలో చల్లే విత్తనమనుకున్నారు. అది విత్తనంతో పాటు సైన్యం కూడా.

ఇది తెలియక మన కుటుంబాల్లో ఒక గందరగోళం జరుగుతూ ఉంటుంది. "మా బావగారికీ ట్రాన్స్‌ప్లాంటే చేశారు, మూడు వారాల్లో ఇంటికొచ్చేశారు, మీవాడికి ఏడాది ఎందుకు?" అని ఫోనులో సలహాలిస్తారు. ఆ బావగారికి చేసినది బహుశా సొంత మూలకణాలతో. రోగి కణాలనే ముందుగా తీసి, గడ్డకట్టించి దాచి, పెద్ద మోతాదు మందు ఇచ్చిన తరువాత తిరిగి ఎక్కిస్తారు. పరాయి సైన్యం లేదు కనక తిరుగుబాటూ లేదు, ప్రాణాపాయం తక్కువ. 1995లో వచ్చిన పార్మా అధ్యయనంలో, తిరగబెట్టిన లింఫోమాకి మామూలు మందులు ఇచ్చినవాళ్ళలో అయిదేళ్ళు జబ్బు లేకుండా ఉన్నది నూటికి 12 మంది, సొంత మూలకణాలతో చేయించుకున్నవాళ్ళలో 46 మంది. అందుకే ఎన్నో ఏళ్ళపాటు ముందు ఇదే చేసేవారు. ఇక్కడ పనిచేసేది మందు ఒక్కటే. మందుకి లొంగని లింఫోమాకి ఇది చాలదు. అక్కడ దాత కావాలి. ఒకే పేరుతో పిలిచే ఈ రెండూ రెండు వేరు వైద్యాలు. డాక్టరుని మొదట అడగవలసిన ప్రశ్న, ఎవరి కణాలు అని.

దాత మూలుగతో చిక్కేమిటంటే, ఆ రోజుల్లో లింఫోమా రోగులు పదిమందికి ముగ్గురు నలుగురు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువమంది, జబ్బుతో కాక వైద్యంతోనే పోయేవారు. పైగా లింఫోమా ఎక్కువగా అరవై దాటినవాళ్ళ జబ్బు. ఆ వయసులో ఒళ్ళంతా మాడ్చే రేడియేషను ఎవరు తట్టుకుంటారు? జబ్బుని చంపేది సైన్యమే అయితే పొలమంతా మాడ్చడం ఎందుకు, సైన్యం దిగడానికి చోటు చేస్తే చాలదా అన్న ఆలోచన 1990ల చివర హ్యూస్టన్‌లో, జెరూసలేంలో, సియాటల్‌లో ఇంచుమించు ఒకేసారి పుట్టింది. సియాటల్ వాళ్ళు రేడియేషనుని పాత మోతాదులో ఆరోవంతుకి తగ్గించారు. దీనికి మినీ ట్రాన్స్‌ప్లాంట్ అని ముద్దుపేరు. మెల్లగా పెరిగే ఫోలిక్యులర్ లింఫోమాకి ఇది బాగా పనిచేసింది. హ్యూస్టన్‌లో ఇసా ఖూరీ 2008లో ప్రకటించిన 47 మందిలో అయిదేళ్ళ తరువాత నూటికి 85 మంది వంతున బతికి ఉన్నారు. వేగంగా పెరిగే రకాల్లో అంత బాగా పనిచేయదు. సైన్యం కూడగట్టుకునే వ్యవధి ఆ జబ్బు ఇవ్వదు.

మరి దాత ఎవరు? హెచ్.ఎల్.ఏ. గుర్తులు ఆరో క్రోమోజోము మీద ఒక కట్టగా ఉంటాయి. నాన్న దగ్గర రెండు కట్టలు, అమ్మ దగ్గర రెండు. బిడ్డకి చెరొకటి. కాబట్టి ఒక తోబుట్టువు పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. ఇద్దరుంటే నూటికి 44, అయిదుగురుంటే 76. మన తాతల కాలపు సంసారాలకి ఇది పెద్ద సమస్య కాకపోను. ఒక్కరితోనో ఇద్దరితోనో సరిపెట్టుకున్న మన తరానికి లెక్క తలకిందులైంది. పైగా ఆ ఒక్క తమ్ముడూ గుంటూరులో ఉంటాడు, వీసా కావాలి. మేనరికాల సంగతి వేరు. భార్యాభర్తలిద్దరికీ ఒకే తాతదో అమ్మమ్మదో కట్ట వచ్చి ఉండవచ్చు కనక, అలాంటి ఇళ్ళలో కన్నతల్లి గాని, మేనత్త కొడుకు గాని పూర్తిగా సరిపోవడం కద్దు. దక్షిణాది డాక్టర్లు అందుకే మేనరికం ఉందా అని అడిగి, ఉంటే దూరపు చుట్టాల్ని కూడా పరీక్షిస్తారు. మేనరికాలని తిట్టుకోవడానికి మనకి కారణాలు చాలా ఉన్నాయి గాని, ఇది వాటి జమాఖర్చులో జమవైపు రాయాలి.

చుట్టాల్లో దొరక్కపోతే పరాయివాళ్ళు. 1979లో సియాటల్‌లో కొలరాడో నుంచి వచ్చిన పదేళ్ళ పిల్లకి, చుట్టరికం లేని దాత మూలుగ ఎక్కించారు. మూలుగ అంటుకుంది గాని, రెండేళ్ళకి లుకేమియా తిరగబెట్టి ఆ పిల్ల పోయింది. ఆ తండ్రి పోరాటమే 1986లో అమెరికా జాతీయ దాతల పట్టిక ఏర్పడడానికి ఒక కారణం. ఇప్పుడు ప్రపంచ పట్టికల్లో నాలుగు కోట్ల పైచిలుకు పేర్లున్నాయి. అందులో మనవాళ్ళెందరు? 2014లో ప్రకటించిన అమెరికా లెక్కల ప్రకారం, యూరపు సంతతి తెల్లవారికి పూర్తిగా సరిపోయే దాత దొరికే అవకాశం నూటికి 75. దక్షిణాసియా వారికి 33. నూటనలభై కోట్ల దేశం నుంచి వచ్చాం. ఇండియాలోని పట్టికల్లో ఉన్నవి కొన్ని లక్షల పేర్లు మాత్రమే. మన పెళ్ళిళ్ళు వందల ఏళ్ళుగా కులంలోపలే జరగడంతో ఆ కట్టలు కూడా ఎక్కడివక్కడే ఉండిపోయాయి. పంజాబీ దాత ఉన్నా తెలుగు రోగికి సరిపోయే అవకాశం తక్కువ. 2007లో కాలిఫోర్నియాలో ఇద్దరు భారతీయ యువకులకి లుకేమియా వస్తే, వాళ్ళ స్నేహితులు పదకొండు వారాల్లో 24 వేల పైచిలుకు దక్షిణాసియా వాళ్ళని పట్టికలో చేర్చారు. ఇద్దరికీ దాతలు దొరికారు. ఇద్దరూ 2008లో పోయారు. ఆ పేర్లు మాత్రం పట్టికలో ఉండి ఇతరులకి పనికొచ్చాయి.

మన మహాసభల్లో, గుళ్ళలో బుగ్గ లోపల దూదిపుల్ల రాయించుకుని పేరు రాసేవాళ్ళు తక్కువేమీ కాదు. నాలుగైదేళ్ళ తరువాత ఫోను వచ్చినప్పుడే చిక్కు. అమ్మ వద్దంటుంది. పెళ్ళికావలసిన పిల్ల, వెన్నులో సూది గుచ్చితే ఎలా అంటారు. వెన్నులో గుచ్చరు. మూలుగ తీస్తే తుంటి ఎముకలోంచి, మత్తిచ్చి తీస్తారు. ఇప్పుడు చాలావరకు అదీ లేదు. అయిదు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి, మూలకణాలు రక్తంలోకి వచ్చాక, ప్లేట్‌లెట్లు తీసినట్టే చేతినుంచి తీస్తారు. తీసినది కొన్ని వారాల్లో మళ్ళీ పుడుతుంది. కాదనదలుచుకున్నవాడు పేరు రాయకముందే కాదనడం మంచిది. ఫోను వచ్చిన తరువాత కాదంటే, అవతల ఒక మనిషి అప్పటికే దాత దొరికాడని విని ఉంటాడు.

ఈ కొరతకి జవాబు అనుకోని దిక్కునుంచి వచ్చింది. మస్టర్డ్ వంశపు వారసుడన్నానే, అతని పేరు సైక్లోఫాస్ఫమైడ్. 1950ల చివర జర్మనీలో తయారైంది, లింఫోమాకి నేటికీ వాడతారు. దాత మూలుగ ఎక్కించాక మూడో రోజూ నాలుగో రోజూ దీన్ని ఇస్తే, అప్పుడే కోపంతో విజృంభిస్తున్న దాత లింఫోసైట్లు చస్తాయి. నిదానంగా ఉన్నవీ, తల్లికణాలూ మిగులుతాయి. జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు ఎలుకల్లో మొదలుపెట్టి, 2008 నాటికి మనుషుల్లో ఫలితాలు ప్రకటించారు. దీనివల్ల సగం సరిపోయిన దాత కూడా పనికొస్తాడు. సగం అంటే కన్నతల్లి, కన్నతండ్రి, కన్నబిడ్డ. ఒక్క కూతురున్న తండ్రికి కూడా దాత ఇంట్లోనే ఉన్నట్టు. దాత దొరకలేదనే కారణంతో రోగిని తిప్పి పంపడం దీంతో బాగా తగ్గింది. ఇండియాలో ఇది మరీ ఉపయోగం. అక్కడ మొదటి మూలుగ మార్పిడి 1983లో బొంబాయి టాటా ఆసుపత్రిలో డాక్టర్ సురేశ్ అద్వానీ చేశారు. 1986లో వెల్లూరులో మొదలైంది. జబ్బు ముదిరితే వెల్లూరు రైలెక్కడం మన జిల్లాలవారికి అంతకు ముందునుంచీ అలవాటే. విదేశీ పట్టికలనుంచి దాతని తెప్పించుకునే ఖర్చు అక్కడి కుటుంబాలకి తలకి మించిన భారం.

2017 నుంచి మరో పోటీ వచ్చింది. రోగి సొంత టి కణాలనే బయటికి తీసి, లింఫోమాని గుర్తుపట్టేలా జన్యువులు మార్చి తిరిగి ఎక్కించే కార్-టి వైద్యం. 2023లో ఇండియాలో తయారైనదానికి కూడా అక్కడ అనుమతి వచ్చింది. కొన్ని బి కణాల లింఫోమాల్లో దాత మూలుగ అవసరం దీంతో తగ్గింది. టి కణాల లింఫోమాలు తిరగబెట్టినప్పుడూ, కార్-టి కూడా విఫలమైనప్పుడూ డాక్టర్లు ఇంకా దాత వైపే చూస్తారు.

మార్పిడి అయిన రోగికి ముప్పయ్యో రోజు ప్రాంతంలోనూ, నూరో రోజు ప్రాంతంలోనూ రక్తం తీసి, అందులో దాత కణాలెన్ని, పాతవెన్ని అని లెక్క చూస్తారు. కూతురి మూలుగ పుచ్చుకున్న తండ్రి రక్తంలో ఆడపిల్ల క్రోమోజోములు కనబడతాయి. రక్తం గ్రూపు కూడా మెల్లగా కూతురిదే అవుతుంది. చిన్నప్పుడు వేయించుకున్న టీకాల రక్షణ చాలావరకు పాత మూలుగతో పోతుంది. అందుకని ఏడాది తిరిగేలోపు మొదలుపెట్టి, ధనుర్వాతం, పోలియో టీకాలు పసిపిల్లలకి వేసినట్టే వరసగా వేస్తారు. తట్టు టీకా మాత్రం రెండేళ్ళ దాకా ఆగాలి. అరవై ఏళ్ళ మనిషి ఆ టీకాల కార్డు పట్టుకుని క్లినిక్కుకి వెళ్తాడు.